యూరియాకు వేపపూత

కృష్ణా డెల్టాలో ఊడ్పులు ముగిసిన కొలది దినములకు రైతులు యూరియా బస్తాలతో పొలము గట్లకు చేరుట మీరు చూచియుందురు. విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజీనుండి వచ్చు కాలువనీరు ఇచట సుమారు 13 లక్షల ఎకరములకు ప్రాణము. కాని ఆ నీటి మడులలో చల్లిన యూరియాలో సగమైనను పైరునకు దక్కుట అరుదు. తక్కినది ఏమగుచున్నది?

యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని కలదు. తడినేలను చేరగానే అది కరగును. నేలలోని యూరియేజ్ అను ఎంజైము దానిని కొన్ని దినములలోనే అమ్మోనియముగా మార్చును. అమ్మోనియమునకు ధన విద్యుదావేశమును, బంకమట్టి రేణువులకు ఋణ విద్యుదావేశమును ఉండుటచేత మన నల్లరేగడి దానిని పట్టియుంచును. వరి వేళ్లు దానిని గ్రహించును. ఇంతవరకు నష్టము లేదు.

చిక్కు ఆపైన వచ్చును. గాలి సోకు పైపొరలో నైట్రోసొమోనాస్ మొదలగు సూక్ష్మజీవులు అమ్మోనియమును నైట్రైటుగాను, మరికొన్ని జీవులు దానిని నైట్రేటుగాను మార్చును. నైట్రేటునకును ఋణావేశమే గనుక మట్టి దానిని పట్టదు. అది నీటితోపాటు క్రిందికి దిగును. అచటి బురదలో గాలి యుండదు. అందు బ్రతుకు వేరొక జాతి సూక్ష్మజీవులు నైట్రేటులోని ప్రాణవాయువును వాడుకొని, నత్రజనిని వాయురూపమున విడిచిపెట్టును. కర్మాగారములో గాలినుండి తీసి, ఎంతో ఇంధనము వెచ్చించి యూరియాగా చేసిన నత్రజని తిరిగి గాలిలోనే కలియును!

వేప అడ్డుపడునది ఇచటనే. వేపగింజలలోని చేదు పదార్థములు నైట్రోసొమోనాస్ వంటి జీవుల పనిని మందగింపజేయును. అందుచే అమ్మోనియము మరికొన్ని దినములు నేలలో నిలిచి, పైరునకు కొంచెము కొంచెముగా అందును. నా చిన్నతనమున మా నాన్నగారు 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండి కలిపి, రెండు దినములు కుప్పగా నుంచి, ఆపై చల్లించెడివారు. ఆ వాసనకు మేము ముక్కు మూసికొని పారిపోయెడివారము. నేడా శ్రమ తప్పినది. దేశమున తయారగు యూరియా అంతటికిని వేపనూనె పూయవలెనని 2015లో కేంద్ర ప్రభుత్వము ఆదేశించెను. ఎరువు దొంగదారిన పరిశ్రమలకు పోకుండ చూచుటయు దాని ఉద్దేశములలో నొకటి. గంధకపు పూత రీతి వేరు. అది గింజచుట్టు పెంకువలె నిలిచి, లోని యూరియాను మెల్లగా కరగనిచ్చును.

అయితే వేపవలన కాని పనియు నొకటి కలదు. నిలువనీటిపై చల్లిన యూరియా ఎండవేడికి అమ్మోనియా వాయువై ఎగిరిపోవును. దానిని వేప ఆపజాలదు. కావున మడిలోని నీరు తీసి, బురదపదునున చల్లి, 36 నుండి 48 గంటలు గడచిన పిదప పలుచగా నీరు పెట్టవలెను. గట్టు గట్టిగా నుండవలెను. మన డెల్టాలో చాలచోట్ల నీరు మడినుండి మడికి పారును గదా! ఒక యేడు మేము యూరియా చల్లిన రాత్రియే పెద్దవాన కురిసి గట్టునకు గండి పడెను. తెల్లవారునప్పటికి నీరంతయు పల్లపు మడిలోనికి పోయియుండెను. తరువాత మా పైరు పసుపువన్నెకు తిరుగగా, పల్లపు మడి పైరు నల్లగా నవనవలాడెను. ఆ మడి రైతు మా నాన్నగారు ఎదురైనప్పుడెల్ల నవ్వు ఆపుకొనలేక తల వంచుకొని పోయెడివాడు.