పాల సంఘమే ఆరోగ్య కేంద్రం

గేదెకు జబ్బు చేస్తే సంఘం పశువైద్యుని పిలిపిస్తుంది. మరి పసిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటే? ఈ ప్రశ్నకు గుజరాత్‌లోని ఖేడా జిల్లా పాడి రైతులు చక్కని జవాబు చెప్పారు.

1946లో ఖేడా జిల్లా పాల యూనియన్‌ను నెలకొల్పిన వారిలో ముఖ్యులు శ్రీ త్రిభువన్‌దాస్ పటేల్. ఆయన అధ్యక్ష పదవి విరమించినపుడు సభ్యులు కృతజ్ఞతతో నిధి సమర్పించారు. దానితో ఆయన 1975లో త్రిభువన్‌దాస్ ఫౌండేషన్ స్థాపించి, తల్లీబిడ్డల ఆరోగ్యానికి వినియోగించారు.

పద్ధతి సులభమైనది. గ్రామ పాల సంఘం ఊరి మహిళనే ఆరోగ్య కార్యకర్తగా ఎంపిక చేస్తుంది. శిక్షణ పొందిన ఆమె గర్భిణులను, పసిపిల్లలను కనిపెట్టి చూస్తుంది. చిన్న జబ్బులకు మందిచ్చి, పెద్దవాటిని ఆసుపత్రికి పంపుతుంది. రెండుపూటలా అందరూ పాలు పోయవచ్చే చోటు గనుక కబురు ఇంటింటికీ చేరుతుంది.

మన సంఘాలు నేడే ఈ మాటలు బోర్డుపై వ్రాయించవచ్చును: విరేచనాలలో ప్రాణం తీసేది ఒంట్లో నీరు తగ్గిపోవడమే. ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరకని యెడల, కాచి చల్లార్చిన లీటరు నీటిలో టీ చెంచాతో సమంగా కొలిచి 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి, కొద్దికొద్దిగా తాగించాలి. ఉప్పు మించరాదు. తల్లిపాలు మానరాదు. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, మలంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.