మట్కా అప్పు ఇంటివాళ్లు కట్టాలా?

ఆదోని యార్డులో పత్తి అమ్మిన డబ్బు ఇల్లు చేరకముందే మట్కాకు పోతే మిగిలేది ఎరువుల కొట్టు బాకీ, దాని మీద కొత్త అప్పు. మన ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఇది కొత్త కథేం కాదు. చిత్రమేమంటే, మట్కా పుట్టిందే పత్తి మీద. న్యూయార్క్ పత్తి ఓపెనింగ్, క్లోజింగ్ ధరలపై బొంబాయిలో పందేలు కాసేవాళ్లు. 1961లో అది ఆగిపోయాక చీటీలు తీయడం మొదలైంది. ఓపెన్, క్లోజ్ అనే మాటలు మాత్రం అట్లనే ఉండిపోయాయి.

లెక్క చూడండి. 00 నుంచి 99 దాకా 100 జోడీలు. తగిలితే రూపాయికి 80, మహా అయితే 90. అన్నింటికీ తలా రూపాయి కట్టినా నష్టమే.

ఇక అప్పు సంగతి. బీటరుకు పడ్డ పందెం బాకీ 1872 కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను కింద చెల్లదు, కోర్టులో వసూలు చేసుకోలేడు. ఆటకోసమే అయినా మరొకరికి ప్రోనోటు రాసిచ్చి తెచ్చిన అప్పు వేరు, అది కోర్టు దాకా రావచ్చు. అందుకే పందెం బాకీకి ప్రోనోటు రాయమంటే రాయొద్దు. ఇంట్లోవాళ్లు జామీను సంతకం చేస్తే ఆ అప్పు వాళ్ల మెడకూ చుట్టుకుంటుంది.

సాయం చేయొద్దని కాదు. ముందు బాకీలన్నీ దాచకుండా చెప్పించి కాగితం మీద రాయండి. కట్టే డబ్బు అతని చేతికివ్వక అప్పిచ్చినవాళ్లకే కట్టి, నోటు మీద చెల్లు వేయించుకోండి. ఎద్దులమ్మి ఒక్క దెబ్బకు తీర్చేస్తే మళ్లీ ఆటకు దారి ఇచ్చినట్టే అవుతుంది. పత్తి అమ్మేటప్పుడు కొన్నాళ్లు ఇంట్లో ఒకరు వెంట వెళ్లండి. తిట్టిపోసి ఒంటరిగా వదలొద్దు, పురుగుమందు ఇంట్లోనే ఉండే బతుకులు మనవి. మనిషి దిగులుగా ఉంటే టెలీ మానస్ 14416కు ఫోను చేయించండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.