పొడుగ్గా ఉన్నారా? మౌంటెన్ బైక్ కొనేముందు చక్రం కాదు, ఫ్రేమ్ కొలవండి

ఈ ఎపిసోడ్ 6 అడుగులు, అంతకంటే పొడుగు ఉన్నవాళ్ల కోసం. పొట్టిగా ఉన్నవాళ్లు కూడా చూడండి, లెక్క అందరికీ ఒకటే.

మొన్న తిమ్మాజిపేటకి వెళ్లినప్పుడు మా చిన్నాన్న కొడుకు వచ్చిండు. డిగ్రీ చదువుతున్నాడు, ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు. పత్తి సీజన్‌లో పనికి పోయి డబ్బులు దాచుకున్నాడు. "అన్నా, షాపాయన 29 సైకిల్ ఇస్తా అంటుండు. అన్నిట్ల అదే పెద్దది. నాకు సరిపోతది గదా?" అని అడిగిండు.

ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. నేనూ తిన్నాను. నా ఎత్తు 6 అడుగుల 1 అంగుళం. మొదటి జీతంతో ఒక ఎంటీబీ కొన్నాను. సైజు గురించి నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. మూడు నెలల్లో మోకాలి ముందు భాగంలో నొప్పి మొదలైంది. చివరికి సగం ధరకి అమ్మేశాను. అందుకే తమ్ముడికి చెప్పాను, "ఆగు, ముందు టేపు తీసుకురా" అని.

26, 27.5, 29 అంటే ఏంది?

ఇవి చక్రం సైజులు. సైకిల్ మీద 26టి, 29టి అని రాసేది దీన్నే. ఫ్రేమ్ సైజు వేరు. పెడల్స్ తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు రాడ్ దూరే గొట్టం పై అంచు దాకా ఉండే పొడవుని ఫ్రేమ్ సైజు అంటారు. 16, 18, 20 ఇంచులు, లేదా ఎస్, ఎం, ఎల్, ఎక్స్‌ఎల్ అని ఉంటుంది.

అంటే 29 చక్రాలున్నా ఫ్రేమ్ 18 ఇంచులే ఉండొచ్చు. తక్కువ ధర మోడల్స్ చాలావరకు ఒకే ఫ్రేమ్ సైజులో వస్తాయి. షర్ట్ కొనేటప్పుడు బటన్ సైజు చూసి కొంటామా? ఇదీ అంతే.

కొలత ఎలా తీయాలి?

చెప్పులు విప్పి గోడకి ఆనుకుని నిలబడండి. పాదాల మధ్య ఒక జానెడు దూరం ఉండాలి. ఒక అట్ట పుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నట్టు గట్టిగా పైకి నొక్కండి. పుస్తకం పై అంచు నుంచి నేల దాకా కొలవండి. ఇది ఇన్‌సీమ్, అంటే కాలి లోపలి పొడవు. మూడుసార్లు కొలిచి సగటు తీయండి. ప్యాంటు సైజు చెప్తే కుదరదు, అది వేరే కొలత.

తమ్ముడికి 89 సెం.మీ. వచ్చింది. ఇప్పుడు రెండు లెక్కలు:

ఫ్రేమ్ సైజు: 89 × 0.226 = సుమారు 20 ఇంచులు.

సీటు ఎత్తు: 89 × 0.883 = సుమారు 78.6 సెం.మీ. ఇది పెడల్ ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా.

మొదటి ఫార్ములా పాత కాలం ఫ్రేమ్‌లని బట్టి వచ్చింది. ఇప్పటి ఫ్రేమ్‌ల పై గొట్టం వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి 19 రావొచ్చు, 20 రావొచ్చు. దాన్ని అంచనాగా తీసుకుని, కంపెనీ సైజు చార్ట్‌తో సరిచూడండి.

18 ఫ్రేమ్ తీసుకుని సీటు లేపితే సరిపోదా?

మంచి డౌటే, లెక్కేద్దాం. 18 ఇంచులంటే 45.7 సెం.మీ. కావాల్సిన ఎత్తు 78.6. తేడా దాదాపు 33. అందులో సీటు మందం సుమారు 5 తీసేస్తే, రాడ్ 28 సెం.మీ. బయటికి రావాలి. కానీ రాడ్ మొత్తం పొడవు 30 సెం.మీ. అయితే, దాదాపు 10 లోపల ఉండాలి. అంటే 20 మాత్రమే లేపగలం. 8 సెం.మీ. తక్కువ.

రాడ్ మీద ఒక గీత ఉంటుంది, చూడండి. ఆ గీత బయటికి కనిపించేలా ఎప్పుడూ లేపొద్దు. లేపితే ఫ్రేమ్ పగలొచ్చు, రాడ్ విరగొచ్చు. గుంతలో దిగినప్పుడు అది జరిగితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

"40 సెం.మీ. రాడ్ వేయిస్తా" అంటారా? కాళ్ల సమస్య తీరుతుంది. నడుము, చేతుల సమస్య తీరదు. ఎందుకంటే ఫ్రేమ్ పొడవు మారదు. దాన్ని రీచ్ అంటారు. పెడల్ ఇరుసు నుంచి హ్యాండిల్ గొట్టం పైభాగం దాకా అడ్డంగా ఉండే దూరం అది. రీచ్ తక్కువైతే ముడుచుకుని కూర్చుంటారు, మలుపులో మోకాలు హ్యాండిల్‌కి తగులుతుంది. పొడవైన స్టెమ్ వేస్తే కొంచెం తగ్గుతుంది గానీ, ఎక్కువ పొడవు పెట్టేస్తే దిగుడులో హ్యాండిల్ కంట్రోల్ పోతుంది.

షాపులో ఏం చూడాలి?

ఒకటి. షూస్ వేసుకుని పై గొట్టానికి అటూఇటూ కాళ్లు పెట్టి నిలబడండి. కనీసం 5 సెం.మీ. గ్యాప్ ఉండాలి. కానీ గుర్తుపెట్టుకోండి, ఈ టెస్ట్ సైకిల్ పెద్దదైతేనే చెప్తుంది. చిన్నదని చెప్పదు. పొడుగోళ్లు ప్రతి సైకిల్ మీదా దీంట్లో పాసైపోతారు, అదే మోసం.

రెండు. సీటు మీద కూర్చుని మడమని పెడల్ మీద పెట్టండి. పెడల్ కిందికి వచ్చినప్పుడు కాలు నిటారుగా అవ్వాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొంచెం వంగి ఉంటుంది. సీటు బాగా తక్కువైతే మోకాలి ముందు నొప్పి, బాగా ఎక్కువైతే మోకాలి వెనక నొప్పి.

మూడు. హ్యాండిల్ పట్టుకున్నప్పుడు మోచేతులు కాస్త వంగాలి. లేచి నిలబడి తొక్కుతూ మలుపు తిప్పండి, మోకాలు తగలకూడదు.

ఆన్‌లైన్‌లో కొంటే ఫోన్‌లో జామెట్రీ చార్ట్ తెరిచి సీట్ ట్యూబ్, రీచ్ చూడండి. చార్ట్ ఇవ్వకుండా "6 అడుగుల వరకు సరిపోతుంది" అని మాత్రమే రాస్తే, వదిలేయండి. రెండు సైజుల మధ్యలో పడితే, చేతులు, నడుము పొడుగున్నవాళ్లు పెద్దది తీసుకోండి.

తమ్ముడు ఏం చేసిండు?

ఆ 29 సైకిల్ ఫ్రేమ్‌ని కొలిచాం. 18 ఇంచులే. అక్కడే వదిలేశాం. జడ్చర్లలో ఎల్ సైజు, 20 ఇంచుల ఫ్రేమ్, 35 సెం.మీ. రాడ్ ఉన్నది దొరికింది. దానికి ఇంకా మూడు వేలు ఎక్కువ. "నేనిస్తారా" అన్నా వినలేదు. నెల ఆగి, తన డబ్బులతోనే కొన్నాడు. మొదటి ఆదివారం ఆవంచలో పొలాల మధ్య ఉన్న ఏకశిల గణపతి దాకా పోయి వచ్చాడు, మట్టిదారిలోనే. "మోకాలు ఎట్లుంది?" అని అడిగితే, "మోకాలు యాదికే రాలే అన్నా" అన్నాడు.

సైజు కరెక్ట్ అంటే అదే ఫ్రెండ్స్. మీ ఇన్‌సీమ్ కొలిచి కామెంట్‌లో పెట్టండి, లెక్క కలిసి వేద్దాం. మీ ఫ్రెండ్స్‌లో పొడుగోడు ఎవడైనా సైకిల్ కొనబోతుంటే, డబ్బు కట్టకముందే ఈ వీడియో పంపండి. మళ్లీ కలుద్దాం, బై.