రైతు చేతి కొలత: కరవు పీఠభూమిలో పంటల నీటి బడ్జెట్

అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది. 1876–78 నాటి దారుణ కరవు అనంతరం, కరవు కమిషన్ సూచనల మేరకు మద్రాసు రాజధానిలో వ్యవసాయ శాఖ రూపుదిద్దుకున్నదీ ఆ ఏడాదే. ఆ శతాబ్దంలో ఇంగ్లండు, అమెరికాలలో రైతులు క్లబ్బులుగా చేరి తమ పొలాల అనుభవాలను చర్చించుకునేవారు. ఇక్కడ మాత్రం విజ్ఞానం ప్రధానంగా ప్రభుత్వ క్షేత్రాల నుండి రైతుకు అందవలసినదిగానే భావింపబడింది. రైతులే కొలిచి, రైతులే లెక్కించి, రైతులే చర్చించుకునే వేదిక ఈ పీఠభూమిలో 2003 తరువాత భూగర్భ జలాల విషయంలో రూపొందింది.

నేపథ్యం

ఇక్కడి సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. ఎర్రనేలల అడుగున గట్టి శిల ఉండుటచే, ఇంకిన నీరు శిథిల శిలాపొరలోను, పగుళ్లలోను మాత్రమే నిలుస్తుంది. ఆ కొద్ది నిల్వనే ఇరుగుపొరుగు బోర్లన్నీ తోడుకుంటాయి. బోరు ఎండిననాడు రైతుకు మిగిలేది అప్పే.

కొలత, లెక్క

ఆంధ్రప్రదేశ్ రైతు యాజమాన్య భూగర్భ జల వ్యవస్థల పథకం అనంతపురంతో సహా 7 కరవు జిల్లాలలో, స్వచ్ఛంద సంస్థల ద్వారా, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహకారంతో అమలు జరిగింది. గ్రామ స్త్రీపురుషులు వర్షపాతాన్ని, బోర్లలోని నీటిమట్టాన్ని, నీటి ధారను స్వయంగా కొలిచి నమోదు చేశారు. ఖరీఫ్ చివర సమావేశమై, లభ్యమయ్యే నీటిని రబీలో వేయదలచిన పంటల అవసరంతో సరిచూశారు.

ఈ లెక్క సులభగ్రాహ్యం. హెక్టారుపై 1 మి.మీ. నీరనగా 10,000 లీటర్లు. వరికి 1,200 మి.మీ. అనుకొన్నచో హెక్టారుకు 1.2 కోట్ల లీటర్లు కావలెను. ఆరుతడి వేరుశనగకు అందులో దాదాపు సగం చాలును.

విస్తరణకు పాఠం

సంఘానికి నిషేధాధికారం గాని, జరిమానా విధించే హక్కు గాని లేవు. లోటు తెలిసిన పిమ్మట పంట ఎంపిక ఎవరికి వారిదే. లాభం తగ్గకుండానే నీటి తోడకం తగ్గిందని ప్రపంచ బ్యాంకు 2010 నివేదిక ప్రశంసించగా, 2012 నాటి ఐడబ్ల్యూఎంఐ–టాటా పరిశీలన ఆ ఫలితాల విస్తృతిని ప్రశ్నించింది. కనుక విస్తరణ శాస్త్రవేత్త సలహాతో సరిపెట్టక, కొలిచే నేర్పును రైతులకు అప్పగించవలెను. పథకం ముగిసిన మరుసటి రబీకి ముందు ఆ నమోదు పుస్తకాన్ని ఎవరు తెరుస్తారన్నది తొలినాడే తేల్చుకోవలసిన ప్రశ్న.