ఇంట్లో క్రోటన్: రంగు ఎందుకు పోతుంది?

మా పర్చూరులో మొక్కల బండి ఆగిందంటే గులాబీల తరువాత ఎక్కువమంది బేరమాడేది క్రోటన్లనే. ఎరుపు, పసుపు, నారింజ, నలుపుకు దగ్గరగా ఉండే ఊదా - ఇన్ని రంగులు ఆకులోనే ఉంటే ఇక పువ్వెందుకు? కొన్నవాళ్లు ముచ్చటపడి ముందుగదిలో టీవీ పక్కన పెడతారు. నెల తిరక్కముందే కింది ఆకులు ఒకటొకటే రాలిపోతాయి. కొత్త చిగురు పచ్చగా వస్తుంది, పచ్చగానే ఉండిపోతుంది. "ఆ బండివాడు రంగేసి అమ్మాడమ్మా" అన్న మాట మా వీధిలో నేను చాలాసార్లు విన్నాను. పాపం, బండివాడి తప్పేమీ లేదు. కడియంలోనో, కడియపులంకలోనో గోదావరి ఒండ్రు మట్టిలో, పలచని నీడలో పెరిగిన మొక్కను తెచ్చి మనం చీకటి గదిలో కూర్చోబెడుతున్నాం. అదీ అసలు సంగతి.

పేరు గురించి రెండు మాటలు చెప్పాలి. మనం క్రోటన్ అనేది నిజానికి క్రోటన్ కాదు! దాని శాస్త్రీయనామం కోడియం వేరిగేటం. లిన్నేయస్ 1753లో దీన్ని క్రోటన్ ప్రజాతిలోనే వేశాడు. తరువాతి వారు విడదీశారు గాని, తోటమాలుల నోట పాత పేరే నిలిచిపోయింది. గ్రీకు భాషలో క్రోటన్ అంటే గోమారి. ఆముదం గింజను అరచేతిలో పెట్టుకుని చూసినవాడికి ఆ పేరు ఎలా వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. ఆముదం, కర్రపెండలం, విరేచనాలకు వాడే నేపాళం, ఈ రంగుల మొక్క - అన్నీ ఒకే కుటుంబం. ఆ కుటుంబ లక్షణం దీనికీ ఉంది. కొమ్మ విరిస్తే కారే రసం బట్టకంటితే మరక పోదు, కొందరికి ఒంటిమీద దురద, దద్దుర్లు వస్తాయి. ఆకు నమిలితే నోరు, కడుపు మండుతాయి. పాకే పిల్లలున్న ఇంట్లో కుండీని అందనంత ఎత్తున పెట్టుకోవాలి.

ఇక రంగు. ఆకులో పచ్చదనం పత్రహరితంవల్ల, పసుపు కెరోటినాయిడ్ల వల్ల, ఎరుపు ఆంథోసయనిన్ల వల్ల వస్తుంది. ఈ మూడింటి పాళ్లు మారితే రంగు మారుతుంది. బాగా వెలుతురు తగిలే ఆకు ఎరుపును ఎక్కువగా తయారు చేసుకుంటుంది. మితిమీరిన వెలుతురునుంచి ఆకును కాపాడే గొడుగులాంటిది ఈ ఎరుపు అని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. చీకటి గదిలో గొడుగుతో పనేముంది? ఉన్న కాస్త వెలుతురునూ ఒడిసిపట్టుకోవాలంటే పత్రహరితమే కావాలి. కనుక ఇంట్లో క్రోటన్ పచ్చబడటం జబ్బు కాదు, మోసమూ కాదు. బతకడానికి అది చేసుకున్న ఏర్పాటు అన్నమాట.

"మా గదిలో వెలుతురు బాగానే ఉందే!" అంటారు. ఇక్కడే మన కన్ను మనల్ని మోసం చేస్తుంది. మిట్టమధ్యాహ్నం ఆరుబయట వెలుతురు లక్ష లక్సుల దాకా ఉంటుంది. నడిమింట్లో కొన్ని వందల లక్సులుంటే గొప్ప. కంటిపాప సర్దుకుంటుంది కనుక మనకు ఆ తేడా తెలియదు, మొక్కకు తెలుస్తుంది. పైగా మన పాత ఇళ్లు ఎండను లోపలికి రానివ్వకూడదనే కట్టినవి - మందపు గోడలు, చిన్న కిటికీలు. మనిషికి చల్లదనం, క్రోటన్‌కు కటిక చీకటి. తూర్పు వసారా గాని, తూర్పు కిటికీ గాని దీనికి సరైన చోటు. ఉదయపుటెండ మూడు నాలుగు గంటలు తగిలితే చాలు. రోళ్లు పగిలే రోహిణికార్తెలో పడమటి ఎండ మాత్రం తగలనివ్వకండి. ఆకుల అంచులు మాడిపోతాయి.

చోటు మార్చినా ఒక్కసారిగా మార్చకూడదు. బండిమీంచి దింపిన మొక్కను వారం పదిరోజులు వసారాలో ఉంచి ఆ తరువాతే లోపలికి జరపాలి. ఎంత జాగ్రత్తపడ్డా నాలుగాకులు రాలుస్తుంది, కంగారు పడకండి. కంగారులో మనవాళ్లు చేసే పని చెంబెడు నీళ్లు ఎక్కువ పోయడం. అసలే ఆకులు తగ్గిన మొక్క నీళ్లు తక్కువ తాగుతుంది. మిగిలిన నీరు వేళ్లను కుళ్లబెడుతుంది.

నీళ్ల మాట వచ్చింది గనుక మట్టి సంగతి కూడా చెప్పుకోవాలి. మన పల్లెల్లో నూటికి తొంభైమంది తప్పుచేసేది ఇక్కడే అని నా అనుమానం. కుండీ కొంటాం, పెరట్లోనో పొలంలోనో ఉన్న నల్లరేగడి నింపుతాం. పత్తినీ మిరపనూ పండించే మట్టికి ఒక క్రోటన్ ఒక లెక్కా అనుకుంటాం. పొలంలో రేగడి గొప్పతనం దాని లోతులో ఉంది. తడిస్తే ఉబ్బి నీటిని పట్టుకుంటుంది, వాన వెళ్లిపోయాక కూడా పత్తి వేరు లోతుకు దిగి ఆ తేమను తాగుతుంది. కుండీలో లోతేదీ? జానెడు మట్టిలో రేగడి తడిస్తే బంకలా ముద్దకట్టి వేరుకు గాలాడనివ్వదు. ఎండితే కుంచించుకుపోయి కుండీ గోడనుంచి విడిపోతుంది, నెర్రెలిస్తుంది, సన్నని వేళ్లు తెగుతాయి. పైన పోసిన నీరు ఆ పక్క సందులోంచి జారి అడుగు చిల్లిలోంచి వచ్చేస్తుంది. నీళ్లు కారాయి గదా అని మనం తృప్తిపడతాం. లోపలి మట్టిగడ్డ మాత్రం పొడిగానే ఉంటుంది.

కాబట్టి ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, ఇసుక సమంగా కలుపుకోండి. అడుగు చిల్లిమీద పెంకుముక్క వేయండి. వేలు మొదటి కణుపుదాకా గుచ్చి చూసి, పొడిగా ఉంటేనే నీళ్లు పోయాలి. చాలా ఊళ్లలో బోరునీళ్లకు ఉప్పెక్కువ. మట్టిపైన తెల్లని పొర కట్టిందంటే అదే. వాననీళ్లు పట్టి పోస్తే మంచిది.

దీని పుట్టిల్లు మలేషియా, ఇండోనేషియా, ఆ తూర్పున ఉన్న పసిఫిక్ దీవులు. అంబాయ్నా దీవిలో ఉండి అక్కడి మొక్కలను వర్ణించిన రంఫియస్ అనే పండితుడి గ్రంథం ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1741 నుంచి అచ్చయింది. కోడియం అన్న పేరు ఆయననుంచి వచ్చిందే. ఆ దీవుల్లో ఏడాది పొడుగునా వెచ్చదనం, గాలిలో తేమ. వెచ్చదనానికి మనకు లోటు లేదు, ఎండాకాలంలో తేమకే కరువు. వెడల్పు పళ్లెంలో గులకరాళ్లు పరిచి, రాళ్లు మునగకుండా నీళ్లు పోసి, దానిమీద కుండీ పెట్టడం ఒక ఉపాయం. పత్తి తీతలప్పుడు, మిరప కల్లాలప్పుడు ఊరంతా లేచే దుమ్ము ఆకులమీద పేరుకుంటుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు. మెరుపుకోసం కొబ్బరినూనె రాసేవాళ్లున్నారు, అది ఆకు ఊపిరి మూయడమే.

గాలి పొడిబారితే ఎర్రనల్లి వస్తుంది. ఆకు అడుగున సన్నని బూజు, పైన దుమ్ములాంటి చుక్కలు. మిరపలో కింది ముడత, పై ముడత అంటూ నల్లినీ తామరపురుగునూ చిన్నప్పటినుంచీ చూసిన మనకు ఇది కొత్తకాదు. కాని ఆ అలవాటే ప్రమాదం తెచ్చిపెడుతుంది. ఒక వేసవిలో మా బాబాయి మిరపకు కొట్టగా మిగిలిన మందు ముందుగదిలోని క్రోటన్‌మీద చల్లాడు. తలుపులు వేసే ఉన్నాయి. ఆ రాత్రి మా నాయనమ్మకు తలతిరుగుడు, వాంతులు. తెల్లవారేలోగా ఆసుపత్రికి పరుగెత్తాం. ఆవిడ తేరుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. మొక్కకు మాత్రం నల్లి పోయింది, ఆ మాట చెప్పుకోవడానికి కూడా సిగ్గేస్తుంది. పొలం మందు పొలానికే. ఇంట్లో మొక్కను బయటికి తెచ్చి ఆకుల అడుగులు నీళ్లధారతో కడగండి. తగ్గకపోతే లీటరు నీళ్లలో అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రంపూట చల్లండి. వారానికొకసారి చొప్పున మూడుసార్లు.

అలంకరణ గురించి నాకు తెలిసింది తక్కువ. సున్నం కొట్టిన తెల్లగోడ ముందు ఒక్క ఎర్ర క్రోటన్ చాలు. నాలుగు రంగులవి గుంపుగా పెడితే సంత అవుతుంది. మధ్యలో పచ్చనిదేదైనా ఉంటే ఎరుపు నిలుస్తుంది. వాడకుండా మూలపడ్డ ఇత్తడి గంగాళంలో కుండీని దింపితే అందంగా ఉంటుంది, అడుగున నీరు నిలవకుండా చూసుకోవాలి సుమా.

విత్తనంనుంచి పెంచితే తల్లి రంగులు రావు. అందుకని కొమ్మలే నాటాలి. తొలకరి పడ్డాక పెన్సిలు లావు కొమ్మను జానెడు కోసి, కింది ఆకులు తీసి, రసం ఆరనిచ్చి, తడి ఇసుకలో గుచ్చి పైన పాలిథిన్ సంచి కప్పండి. నెలా నెలన్నరలో వేళ్లు వస్తాయి. మా వసారాలో ముదురు ఎరుపుదొకటి, మెలితిరిగిన సన్నాకులదొకటి ఉన్నాయి. హాస్టల్లో తూర్పు కిటికీ గది దొరికిన మిత్రులు జూలైలో అడిగితే తలా ఒక కొమ్మ తెచ్చిస్తాను. పడమటి గదులవాళ్లు కిటికీకి ముందు తెర కట్టుకుని అడగండి.