క్రొత్త యింట స్నానపుగది

ఇల్లు కట్టుకొనునప్పుడు సింహద్వారమునకు ముహూర్తము పెట్టించుదుము. వీధిగోడకు రంగు నేరుకొందుము. స్నానపుగది యెచ్చట నుండవలెనను ప్రశ్నను మాత్రము చివరకు మిగిలిన మూలకు వదలివేయుదుము. ఈ యుపేక్షకు ఫలము ననుభవించువారు స్త్రీలు, వృద్ధులు.

నర్సీపట్నములో మే మెఱిగిన యొక కుటుంబమువారు క్రొత్తయిల్లు కట్టుకొనిరి. కొడుకు, కోడలు పరుండు గదికి స్నానపుగది చేర్చిరి. అత్తగారి గది వీధివైపున నుండెను. ఆమె రాత్రివేళ లేచినచో నడవ దాటి, వెనుక వసారా చివరనున్న మఱియొక స్నానపుగదికి పోవలెను. వానకాలము వచ్చెను. జల్లు కొట్టి వసారా నేల జారుచుండెను. కొన్నాళ్లకు కోడలు గమనింపగా, అత్తగారు ప్రొద్దుగ్రుంకినది మొదలు మంచినీళ్లు ముట్టుట లేదు. "రాత్రి లేవ నక్కఱ లేకుండ నమ్మా" అని యామె నవ్వుచు చెప్పెను. ముసలితల్లి దాహము చంపుకొనవలసిన యింట, రాళ్లెంత నునుపైన నేమి ప్రయోజనము?

కావున సోదరీమణులారా, పునాది త్రవ్వకమునుపే స్థలమున ముగ్గుతో గదులు గీయించి, అందు నడచి చూడుడు. అర్ధరాత్రి అత్తగారు, బాలింత, ఈడువచ్చిన పిల్ల ఏ దారిని పోవుదురో యోచింపుడు. ఉన్నది యొక్క స్నానపుగదియే యైనచో, అది వృద్ధుల పడకగది ప్రక్కనే యుండవలెను. దాని ద్వారము చుట్టములు కూర్చుండు చావడికి ఎదురుగా నుండరాదు.

స్నానపుగది, మరుగుదొడ్డి కలిసియున్నచో 2.8 చదరపు మీటర్లకు, అనగా సుమారు 30 చదరపు అడుగులకు, తగ్గరాదని జాతీయ నిర్మాణ నియమావళి చెప్పుచున్నది. ఇది కనీసపు కొలత మాత్రమే. పెద్దలకు చేయూత నిచ్చు మనిషికిని చోటు కావలెను గదా! ద్వారము 3 అడుగుల వెడల్పుండుట మేలు. తలుపు వెలుపలికి తెఱచుకొనవలెను. లోపల నెవరైన పడి యడ్డమైనచో, లోనికి తెఱచు తలుపు కదలదు. గుమ్మమున మెట్టుకు బదులు కొద్దిపాటి వాలు, క్రింద గరుకు పలకలు, గోడకు పట్టుకొను కడ్డీ అమర్పించుడు.

మన ప్రాంతమున వేసవి సాయంకాలపు టెండ పడమటి గోడను కాల్చును. స్నానపుగదిని ఆవైపున నుంచినచో పడకగదికి నీడ యగును. తడినేలయు త్వరగా నాఱును. వెలుపటి గాలి వచ్చు కిటికీ తప్పనిసరి. ఇంకుడుగుంట మన నూతికే కాదు, పొరుగువారి నూతికిని 60 అడుగుల దూరమున నుండవలెను.

ఆ యింట నిప్పుడు అత్తగారి గదిగోడ పగులగొట్టి, ప్రక్కనున్న సామానుగదిని స్నానపుగదిగా మార్చిరి. వ్యయము రెట్టింపయ్యెను. పటము గీయునాడే ఆమెను ఒక్కమాట యడిగియున్నచో అది తప్పియుండెడిది. ఇల్లు పటముమీద నున్నప్పుడు గోడ జరుపుటకు రబ్బరుముక్క చాలును. ఆనాడు మగవారితోపాటు మనమును, మన యింటి పెద్దలును ఆ కాగితము ముందు కూర్చుండవలెను.