పలకరాతి కొండల్లో మారథాన్

వేల్స్‌ వాయవ్య మూలన, ఆ దేశంలోకెల్లా ఎత్తయిన శిఖరం పాదాల దగ్గర లాన్‌బెరిస్‌ అనే చిన్న ఊరుంది. రెండు సరస్సులు, ఒక బజారు వీధి, వీధికి అటూ ఇటూ రంగురంగుల ఇళ్లు, వాటి వెనక నీలి నలుపు రాతి గుట్టలు. జనాభా రెండు వేల దాకా ఉంటుంది. ఏటా అక్టోబరు చివరి శనివారం దాదాపు ఆ జనాభా అంతమంది రన్నర్లు ఈ ఊళ్లోకి దిగుతారు. ఊరి చివర బయల్దేరి, కొండ చుట్టూ 42.195 కిలోమీటర్లు తిరిగి, మళ్లీ ఊరి బజారులోకి వచ్చి ఆగుతారు. అదే ఎరరి మారథాన్‌. ఇంగ్లిషువాళ్లు ఈ కొండసీమను స్నోడోనియా అన్నారు. స్థానికులకు అది ఎప్పుడూ ఎరరి, శిఖరం అర్‌ విద్వా. ఇక్కడి జాతీయ పార్కు కూడా 2022 నుంచి ఆ వెల్ష్‌ పేర్లనే వాడుతోంది.

లండన్‌ మారథాన్‌ 1981లో మొదలైంది. ఎరరి మారథాన్‌ ఆ మరుసటి ఏడాదే పుట్టింది. లండన్‌లో ఇప్పుడు యాభై వేలమందికి పైగా పరుగెడుతున్నారు. ఎరరి మాత్రం రెండు మూడు వేల దగ్గరే ఉంది. దీన్ని ఎదుగుదల లేకపోవడం అనుకుంటే పొరపాటు. ఆ దారి, ఆ ఊరు ఎంతమందిని మోయగలవో అంతమందినే పిలిచే పరుగు ఇది. దీని గొప్పతనమంతా అక్కడే ఉంది.

కోట నీడలో తొలి అడుగులు

పరుగు మొదలయ్యే చోటికి దగ్గర్లో, సరస్సు ఒడ్డున ఒక గుట్ట మీద డోల్‌బాడర్న్‌ కోట కనిపిస్తుంది. ఎత్తుగా మిగిలింది ఒక్క గుండ్రటి బురుజే. 13వ శతాబ్దం తొలినాళ్లలో వేల్స్‌ రాజు లువెలిన్‌ కట్టించాడు. కనుమ దారిని కాపు కాయడం దీని పని. ఆ వంశంలోనే మరో లువెలిన్‌ తన సొంత అన్నను ఏళ్ల తరబడి ఈ బురుజులో బంధించాడని చెబుతారు. 1280లలో ఇంగ్లండ్‌ రాజు మొదటి ఎడ్వర్డ్‌ వేల్స్‌ను జయించాక, ఈ కోట దూలాలు ఊడదీయించి తాను కట్టిస్తున్న కెనార్వన్‌ కోటకు తరలించాడు. ఐదు వందల ఏళ్ల తర్వాత చిత్రకారుడు టర్నర్‌ ఈ శిథిలాన్ని గీసి, ఆ చిత్రాన్ని లండన్‌ రాయల్‌ అకాడమీకి సమర్పించాడు.

కోట దాటాక నాంట్‌ పెరిస్‌ పల్లె వస్తుంది. అక్కడితో చదును నేల అయిపోయింది. రెండు వైపులా గోడల్లా లేచిన బండల మధ్య ఘాట్‌ రోడ్డు మొదలవుతుంది. సముద్ర మట్టానికి నూరు మీటర్ల ఎత్తున ఉన్న ఊరి నుంచి 359 మీటర్ల ఎత్తున ఉన్న పెన్‌-అ-పాస్‌ కనుమకు, పరుగు మొదలైన తొలి ఏడెనిమిది కిలోమీటర్లలోనే చేరుకోవాలి. బ్రిటన్‌లో వాన బాగా కురిసే చోట్లలో ఇదొకటి. అక్టోబరు చివర ఎదురుగాలి, చినుకు, పొగమంచు, కాసేపు ఎండ అన్నీ ఒకే పూటలో చూడొచ్చు. ఊపిరి బిగబట్టి ఇక్కడ వేగం చూపించినవాళ్లకు ముప్పయ్యో కిలోమీటరు తర్వాత ఆ అప్పు తీర్చక తప్పదు. మొత్తం దారిలో ఎక్కాల్సిన ఎత్తు దాదాపు 800 మీటర్లు. అందుకే ఇక్కడ గెలిచేవాళ్లకే రెండున్నర గంటలు దాటుతుంది.

ఎవరెస్టుకు ఇక్కడే సాధన

కనుమ దిగగానే మలుపులో పెన్‌-అ-గూరిడ్‌ అనే పాత హోటల్‌ ఉంది. 1953లో ఎవరెస్టు ఎక్కిన బ్రిటిష్‌ బృందం ఈ హోటల్లో బస చేసి, చుట్టూ ఉన్న కొండల మీద సాధన చేసింది. ఆ పర్వతారోహకులు చేసిన సంతకాలు హోటల్‌ పైకప్పు మీద ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో హిల్లరీ పేరుంది, టెన్జింగ్‌ పేరుంది. అదే మలుపులో రోమన్‌ సైన్యం వేసిన దండు విడిది ఆనవాళ్లు గడ్డి కింద గట్లలా కనిపిస్తాయి. రెండు వేల ఏళ్ల నాటి సైనికులు కూడా ఈ కొండను దాటడానికి ఈ కనుమనే ఎంచుకున్నారు.

ఇక్కడి నుంచి దారి గ్వినాంట్‌ లోయలోకి దిగుతుంది. కొంత దూరం తారు కూడా ఉండదు, రాళ్లు తేలిన బాట. ఎక్కేటప్పుడు గుండెకు పరీక్ష, దిగేటప్పుడు తొడలకు పరీక్ష అని ఇక్కడ పరుగెత్తినవాళ్లంతా చెప్పే మాట. దిగుడులో అడుగు పడిన ప్రతిసారీ ఒంటి బరువును తొడ కండరాలే ఆపాలి. అవి అలిసిపోతే చదునులో కూడా కాలు కదలదు.

లోయలో గ్వినాంట్‌ సరస్సు దాటాక శిఖరానికి వెళ్లే వాట్కిన్‌ కాలిబాట మొదలు కనిపిస్తుంది. 1892లో బ్రిటన్‌ ప్రధాని గ్లాడ్‌స్టన్‌, 82 ఏళ్ల వయసులో, ఈ బాటను ప్రారంభించడానికి వచ్చాడు. కొండ మీద ఒక బండ ఎక్కి, వేల్స్‌కు న్యాయం జరగాలని జనంతో మాట్లాడాడు. ఆ బండకు ఆయన పేరే ఉంది. ఇంకాస్త ముందుకు వెళితే డినాస్‌ సరస్సు, దాని పక్కన డినాస్‌ ఎమ్రిస్‌ గుట్ట. ఇక్కడ ఒక రాజు కోట కట్టబోతే కట్టినదల్లా రాత్రికి రాత్రి కూలిపోయేదట. గుట్ట కింద మడుగులో ఎర్ర డ్రాగన్‌, తెల్ల డ్రాగన్‌ పోట్లాడుకుంటున్నాయని ఒక కుర్రవాడు బయటపెట్టాడట. చివరికి గెలిచిన ఎర్ర డ్రాగనే ఇవాళ వేల్స్‌ జెండా మీద ఉంది.

సగం దారిలో మన ముంగిస కథ

సగం దూరానికి బెద్‌గెలర్ట్‌ వస్తుంది. రాతి ఇళ్లు, రాతి వంతెన, కింద గలగలమనే ఏరు. ఊరి పక్క పచ్చిక బయల్లో, చెట్టు కింద, చుట్టూ కంచె వేసిన ఒక సమాధి ఉంది. అది గెలర్ట్‌ అనే కుక్కదని చెబుతారు. డోల్‌బాడర్న్‌ కోట కట్టించిన రాజు లువెలిన్‌ వేట నుంచి తిరిగొచ్చేసరికి ఉయ్యాల తిరగబడి ఉంది, పసిబిడ్డ కనిపించలేదు, కుక్క మూతినిండా నెత్తురుంది. రాజు ముందూ వెనకా చూడకుండా కత్తి దూశాడు. కుక్క ప్రాణం విడిచిన మరుక్షణం ఉయ్యాల కింద నుంచి బిడ్డ ఏడుపు వినబడింది. పక్కనే చచ్చిన తోడేలు పడి ఉంది.

తెలుగు పాఠకులకు ఈ కథ కొత్త కాదు. కుక్క స్థానంలో ముంగిసను, తోడేలు స్థానంలో పామును పెట్టి చూస్తే పంచతంత్రంలోని కథే. జానపద పరిశోధకులు చెప్పేదీ అదే. ఆరో శతాబ్దంలో పంచతంత్రం పహ్లవీ భాషలోకి, అక్కడి నుంచి అరబిక్‌లోకి, ఆపైన హీబ్రూ, లాటిన్‌ల మీదుగా యూరప్‌ భాషల్లోకి వెళ్లింది. ముంగిస పోయి కుక్క వచ్చింది. 18వ శతాబ్దం చివర ఈ ఊళ్లో హోటల్‌ నడిపిన డేవిడ్‌ ప్రిచర్డ్‌ ఆ కథను ఇక్కడి రాజుకు ముడిపెట్టి, యాత్రికుల కోసం సమాధి కట్టించాడంటారు. తొందరపాటు వద్దని మన పెద్దలు చెప్పిన కథ, వేల మైళ్లు నడిచి వేల్స్‌ పల్లెలో స్థిరపడింది. సగం దూరమే అయిందని మర్చిపోయి వేగం పెంచబోయే రన్నరుకు అంతకన్నా పనికొచ్చే కథ ఉండదు.

కవి పుట్టిన ఊరు, బాటసారి పుట్టిన ఊరు

బెద్‌గెలర్ట్‌ నుంచి రెండో ఎక్కుడు. పక్కనే వెల్ష్‌ హైలాండ్‌ రైల్వే చిన్న పట్టాలు. బళ్లు ఆగిపోయి దశాబ్దాలు గడిచిన ఈ లైనును రైలు ప్రేమికులు మళ్లీ వేసుకుని, 2011 నాటికి కెనార్వన్‌ నుంచి పోర్త్‌మడాగ్‌ దాకా నడిపించారు. ఎక్కుడు చివర రీడ్‌ ది పల్లె. వెల్ష్‌ మహాకవుల్లో ఒకరైన టి.హెచ్‌. పారీ-విలియమ్స్‌ 1887లో ఈ ఊరి బడి ఇంట్లోనే పుట్టారు. వేల్స్‌లో ఏటా జరిగే ఐస్టెద్‌వొద్‌ కవితా సభల్లో ఛందోబద్ధ కవిత్వానికి పీఠం, ఆ నియమాలు లేని స్వేచ్ఛా కవిత్వానికి కిరీటం ఇస్తారు. ఒకే ఏడాది రెండూ గెలిచిన తొలి కవి ఆయన. మన అవధానాలు, కవి సమ్మేళనాలు తెలిసినవారికి ఆ గౌరవం బరువు ఎంతో విడమర్చి చెప్పనక్కర్లేదు.

35వ కిలోమీటరు దగ్గర వైన్‌వౌర్‌. 1770లో ఇక్కడ పుట్టిన జాన్‌ ఎవాన్స్‌ అనే యువకుడు, అమెరికాలో వెల్ష్‌ మాట్లాడే ఆదివాసులున్నారన్న పుకారు నమ్మి, వాళ్లను వెతకడానికి సముద్రం దాటాడు. మిస్సోరీ నది వెంట ఎగువకు వెళ్లి మాండన్‌ తెగ మధ్య చలికాలం గడిపాడు. వెల్ష్‌ ఆదివాసులు ఎవరూ లేరని తేల్చి, ఆ సంగతి నిజాయితీగా రాసి పంపాడు. ముప్పయ్యేళ్లు నిండకుండానే 1799లో న్యూఆర్లీన్స్‌లో చనిపోయాడు. ఆయన గీసిన పటాలు ఆ తర్వాత లూయిస్‌, క్లార్క్‌ల యాత్రకు దారి చూపించాయి.

చివరి కొండ

మారథాన్‌లలో 35వ కిలోమీటరు అసలే గడ్డుకాలం. ఒంట్లో నిల్వ ఉన్న శక్తి అయిపోయి కాళ్లు మొరాయించే చోటు. సరిగ్గా అక్కడే ఈ దారి కుడివైపు తిరిగి, నిటారుగా చివరి కొండ ఎక్కుతుంది. ఇక్కడ చాలామంది నడుస్తారు. నడవడం చిన్నతనమేమీ కాదు. తారు పోయి రాతి బాట వస్తుంది. పొలాల గట్ల మీద కంచె కర్రలుండవు. నిలువుగా పాతిన పలకరాళ్లను తీగతో కలిపి కట్టి ఉంటారు. వాన తడికి అవి ఊదా రంగు తేలుతాయి. కాలి కింద కూడా అదే రాయి, పెచ్చులు పెచ్చులుగా. ఈ గుట్ట మీద చిన్న క్వారీలు ఎన్నో నడిచాయి. గుట్ట కొన దాటి కిందకు తిరగగానే, సరస్సుకు అవతల కొండనంతా మెట్లు మెట్లుగా తొలిచిన డినోర్విగ్‌ క్వారీ కనిపిస్తుంది.

ఒకప్పుడు ప్రపంచంలో రెండో అతిపెద్ద పలకరాతి క్వారీ అది. మంచి రోజుల్లో మూడు వేలమందికి పైగా పనిచేశారు. ఇళ్ల కప్పులకు వేసే పలకలను కొలతను బట్టి డచెస్‌, కౌంటెస్‌, లేడీ అని పిలిచేవారు. దొరసానుల పేర్లున్న ఆ పలకలను చీల్చిన కూలీల్లో కొందరు వారమంతా కొండ మీది బారకాసుల్లోనే గడిపేవారు. మధ్యాహ్నం అన్నం తినే గుడిసెను కబాన్‌ అనేవారు. టీ కాచుకుంటూ అక్కడే రాజకీయాలు చర్చించుకున్నారు, పాటల పోటీలు పెట్టుకున్నారు, పద్యాలు చదువుకున్నారు. మార్కాపురం గనుల పలక మీద అక్షరాలు దిద్దిన మనకు, ఆ రాయి ఎంత చెమటతో వస్తుందో ఎవరూ చెప్పలేదు. ఇక్కడ ఆ కొండే చెబుతుంది. డినోర్విగ్‌ 1969లో మూతపడింది. ఊరి బతుకుతెరువు ఒక్కసారిగా పోయింది. క్వారీ వర్క్‌షాపులు మ్యూజియం అయ్యాయి. కొండ కడుపులో జలవిద్యుత్‌ కేంద్రం కట్టి 1984లో ప్రారంభించారు. 2021లో ఈ పలకరాతి సీమను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

చిన్నగా ఉండటమే బలం

క్వారీ పోయిన ఊరికి మారథాన్‌ ఒక్కటే అన్నం పెట్టదు. కానీ పర్యాటకులు పల్చబడే అక్టోబరు చివర ఆ రెండు మూడు రోజులు గదులు, హోటళ్లు నిండుతాయి. దారిలో నీళ్లందించేది, మలుపుల్లో నిలబడి దారి చూపేది చాలావరకు చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. వాళ్లు అరిచి ఉత్సాహపరిచేది వెల్ష్‌లో. రోడ్డు ఇరుకు, కనుమ ఒక్కటే, ఊరి వీధి చిన్నది. రన్నర్ల సంఖ్య పెంచాలంటే రోడ్డు వెడల్పు చేయాలి, కొండ తవ్వాలి, పార్కింగ్‌ కోసం పచ్చిక చదును చేయాలి. అలా చేస్తే ఏ అందం కోసం జనం వస్తున్నారో అదే మిగలదు.

మనకు గండికోట ఉంది, కొండవీడు ఉంది, ఉదయగిరి ఉంది, అరకు లోయ ఉంది, అనంతగిరి ఉంది. హైదరాబాద్‌, విశాఖల్లో వేలమంది ఏటా మారథాన్‌ పరుగెడుతున్నారు. కొండసీమల్లో పరుగులు పెట్టాలనుకునే నిర్వాహకులు ఎరరి నుంచి నేర్చుకోవాల్సింది రెండు సంగతులు. ఒకటి, దారిని బట్టి మనుషుల్ని పిలవాలి. రెండు, ఆ ఊరివాళ్లకు చోటు, రాబడి, మాట మూడూ ఉండాలి. వేదికలు, డీజేలు, ఫ్లెక్సీలు, ప్లాస్టిక్‌ సీసాలు కొండకు అక్కర్లేదు.

వెళ్లాలనుకునే వారికి ఒక మాట. లాన్‌బెరిస్‌కు దగ్గర్లోని పెద్ద రైల్వే స్టేషన్‌ బాంగర్‌, అక్కడి నుంచి రోడ్డు మార్గం. మారథాన్‌ చోట్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి నమోదు తెరిచిన వెంటనే పేరు ఇవ్వాలి. సింహాచలం ఘాట్‌ రోడ్డయినా, అనంతగిరి దారయినా, ఎక్కడంతో పాటు దిగడం కూడా సాధన చేయండి. చలికి, వానకు తగిన పల్చటి జాకెట్‌ వెంట ఉంచుకోండి. మొదటి కనుమలో తొందరపడకండి. ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగువారు పరుగెత్తకపోయినా సరే, పరుగు జరిగే శనివారం వెళ్లి బెద్‌గెలర్ట్‌ వంతెన దగ్గర నిలబడి చప్పట్లు కొట్టండి. పిల్లలకు గెలర్ట్‌ సమాధి చూపించి, మన ముంగిస కథ చెప్పండి.